చెవిలో హోరు – చేతిలో గోలీ

మా అక్క మునుగోడు దాపున ఒక పల్లెలో ఉంటున్నది. వయస్సు అరువది ఎనిమిది. 2023 సంక్రాంతి పండుగకు నేను వెళ్లినప్పుడు ఆమె నన్ను పెరటిలోకి పిలిచి, ఎవరికీ వినపడకుండా మెల్లగా అడిగినది:

"తమ్మీ, ఒక ముచ్చట చెప్త, నవ్వకు. మూడు నెలల సంది నా చెవులల్ల కీచురాళ్లు కూసినట్టు అయితున్నది. పగటిపూట నలుగుట్ల ఉంటె తెల్వది. రాత్రి దీపం ఆర్పినంక ఒక్కతీరుగ రొద. మీ బావను అడిగితె నాకేం ఇనవడుత లేదంటడు. నాకేమన్న మతి తప్పుతున్నదా?"

ముప్పది ఏండ్లుగా నల్గొండలో ఆయుర్వేద వైద్యం చేయుచున్న నాకు ఇది కొత్త ప్రశ్న కాదు. మతి తప్పుట కాదనీ, దీనిని మన శాస్త్రం కర్ణనాదమని పిలిచినదనీ ఆమెకు ధైర్యం చెప్పి, "అక్కా, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నవు?" అని అడిగినాను.

"మందులేం లేవు. గుండె గోలీ ఒక్కటే. ఇగ నొప్పుల గోలీలు. అవి కూడ మందులేనా ఏంది?"

పాఠకులారా! ఈ వ్యాసమంతయు ఆ చివరి మాటకు నేను చెప్పుకొంటున్న సమాధానమే. మన ఇండ్లలో నొప్పి గోలీ మందుగా లెక్కకు రాదు. అది ఉప్పు వలె, చాయ్‌పత్తి వలె ఇంటి సామానులో కలిసిపోయినది. లెక్కకు రాని వస్తువు ఎంత వాడుచున్నామో ఎవరికి తెలియును?

బిస్కట్ డబ్బాలో బయటపడినవి

అక్క ఒక పాత బిస్కట్ డబ్బా తెచ్చి నా ముందు బోర్లించినది. గుండె డాక్టరు రాసిన 75 మి.గ్రా. ఆస్పిరిన్ మాత్రలు; ఊరి ఆర్.ఎం.పి. ఇచ్చిన అసెక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్రలు. మా మేనల్లుడు పట్నం నుండి తెచ్చిన డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మరొక రకం. జ్వరానికని దాచుకొన్న 650 మి.గ్రా. పారాసిటమాల్, రెండు నొప్పి బామ్ సీసాలు. ఇవి గాక, చిన్న కాగితంలో పొట్లం కట్టిన గోధుమరంగు చూర్ణం.

ఒక రోజు లెక్క వేయించినాను. పొద్దున, రాత్రి మొదటి రకం ఒక్కొక్కటి. పొలం వైపు వెళ్లి వచ్చిన నాడు రెండవ రకం రెండు. నిద్ర పట్టని రాత్రి 650 ఒకటి. రెండు రకాల జంట మాత్రలలోను ఒక్కొక్కదానిలో 325 మి.గ్రా. పారాసిటమాల్ ఉన్నది. నాలుగు మాత్రలకు 1300, దానికి 650 కలుపగా 1950 మి.గ్రా. పెద్దలకు రోజుకు నాలుగు గ్రాములు మించరాదన్న హద్దుకు ఇది లోపలనే ఉన్నను, నెలల తరబడి వాడదగినది కాదు. పైగా అసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ రెండును ఒకే జాతి మందులు. రంగు వేరు, పేరు వేరు, పని ఒకటే. అక్క రెండు వేర్వేరు మందులు తింటున్నాననుకొన్నది. నిజానికి ఒకే జాతి మందును రెట్టింపు తింటున్నది.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. ఆ డబ్బాను చూచి నాకు కోపం వచ్చినది. "ఇవన్నీ బంద్ చెయ్యి అక్కా, నేను కషాయం పంపుతా" అని గట్టిగా చెప్పి వచ్చినాను. నా మాట అక్కకు వేదవాక్యం. ఆమె అన్నీ మానినది. 'అన్నీ' అనగా గుండె మాత్ర కూడ.

పదవ రోజున మేనల్లుడు ఫోను చేసినాడు. "మామా, అమ్మకు ఎద బరువుగ ఉన్నదంటున్నది." ఆమెకు మూడేండ్ల క్రిందట గుండెలో స్టెంటు వేసినారు. నా కాళ్లలో సత్తువ పోయినది. ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్చినారు. దైవకృప వలన గండం తప్పినది. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, నన్ను నొప్పించని విధంగా, "వైద్యులు కదా, మీకు తెలియనిది కాదు. స్టెంటు ఉన్నవారు ఆస్పిరిన్ చిన్న మాత్రను తమంతట తాము ఆపితే రక్తం గడ్డ కట్టు ప్రమాదం ఉన్నది" అన్నారు. నేను తల వంచుకొన్నాను.

లెక్క లేకుండా తినుట ఒక తప్పు. లెక్క లేకుండా మాన్పించుట అంతకంటె పెద్ద తప్పు. రెండవది చేసినవాడను నేను.

చెవికి, గోలీకి సంబంధం ఎట్టిది?

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో చుట్టుకొన్న చిన్న నాళం ఉన్నది. అందులో వెంట్రుకల వంటి అతి సూక్ష్మమైన కేశాలు గల కణాలు వరుసలుగా అమరి ఉండును. వెలుపలి వరుసల కణాలు ధ్వని తాకగానే పొడుగై, పొట్టియై, చిన్న శబ్దాన్ని పెద్దది చేసి లోపలి వరుసకు అందించును. ఈ కదలికకు ప్రెస్టిన్ అను మాంసకృత్తు ఆధారం. ఆస్పిరిన్ నుండి పుట్టు సాలిసిలేట్ ఎక్కువైనప్పుడు ఈ ప్రెస్టిన్ పనికి అడ్డు తగులును. అప్పుడు వినికిడి మందగించి, లేని శబ్దం ఉన్నట్లు తోచును.

ఆస్పిరిన్‌ను 1897లో జర్మనీలోని బేయర్ సంస్థలో తయారుచేసి, 1899లో విపణిలోకి తెచ్చినారు. కీళ్ల జబ్బులకు దానిని రోజుకు మూడు, నాలుగు గ్రాములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ ఇచ్చిన కాలం ఒకటుండెను. ఆ రోజులలో రోగికి చెవిలో హోరు మొదలైనదంటే మోతాదు హద్దుకు చేరినదని వైద్యులు గ్రహించి తగ్గించెడివారు. చెవి హోరు ఒక హెచ్చరిక గంట అన్నమాట. సంతోషకరమైన విషయం ఏమనగా, ఆస్పిరిన్ వలన వచ్చిన హోరు మాత్ర ఆపిన రెండు మూడు రోజులలో సాధారణంగా తగ్గిపోవును.

నాలుగు గ్రాములు అనగా 75 మి.గ్రా. గుండె మాత్రలు యాభైకి పైన. కనుక రోజుకు ఒక్క గుండె మాత్ర వేసుకొనువారు చెవి హోరుకు దానిని నిందింపవలసిన పని సాధారణంగా లేదు.

మిగిలిన మాత్రల సంగతి

అమెరికాలోని బోస్టన్ నగరంలో బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి పరిశోధకులు ఈ విషయంపై ఏండ్ల తరబడి పనిచేసినారు. 2010లో 26,917 మంది పురుషులను గూర్చి ప్రకటించిన పరిశీలనలో, వారానికి రెండుసార్లు గాని అంతకుమించి గాని నొప్పి మాత్రలు వాడువారిలో వినికిడి తగ్గుట ఎక్కువగా కనిపించినది. ఏబది ఏండ్లలోపు వారిలో ఈ తేడా మరింత స్పష్టం.

2022లో అదే బృందం 69,455 మంది స్త్రీలను ఇరువది ఏండ్లకు పైగా గమనించి, చెవి హోరును గూర్చి వేరుగా ప్రకటించినది. ఇబుప్రొఫెన్ జాతి మాత్రలు గాని, పారాసిటమాల్ గాని వారంలో చాలా రోజులు వాడువారికి, వాడనివారి కంటె విడువని చెవి హోరు దాదాపు 20 శాతం ఎక్కువగా వచ్చినది. ఆస్పిరిన్ మధ్యస్థ మోతాదు తరచుగా వాడినవారిలో, అరువది ఏండ్లలోపు స్త్రీలకు 16 శాతం ఎక్కువ. చిన్న మోతాదు ఆస్పిరిన్‌కు మాత్రం అట్టి సంబంధం కనబడలేదు.

ఈ అంకెలను చూచి బెదరరాదు. వాడనివారిలో నూరుమందికి హోరు వచ్చుచోట, వాడువారిలో నూట ఇరువదిమందికి వచ్చినదని అర్థం. ఇది పరిశీలన మాత్రమే. మాత్రయే కారణమని తేల్చి చెప్పు ప్రయోగం కాదు. నొప్పి, నిద్రలేమి, రక్తపోటు ఉన్నవారే మాత్రలు ఎక్కువగా వాడుదురు. అవి కూడ హోరుకు తోడగును. అయినను ఒక్క మాట నిస్సందేహంగా చెప్పవచ్చును: ఎప్పుడో ఒక నాడు వేసుకొను మాత్ర వేరు, దినదినము వేసుకొను మాత్ర వేరు.

చెవిలో హోరు ఇప్పటికే ఉన్నవారు తలనొప్పికో, జ్వరానికో ఏమి వాడవలెనని నన్ను అడుగుచుందురు. కాలేయం, మూత్రపిండాలు బాగున్న పెద్దవారికి, ఒకటి రెండు రోజులకు, తగిన మోతాదులో పారాసిటమాల్ ఒంటరి మాత్ర సాధారణంగా మొదటి ఎంపిక. మద్యం అలవాటు ఉన్నవారికి అది కూడ జాగ్రత్తతోనే. ఇబుప్రొఫెన్ వంటివి కడుపులో పుండు, రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడుగకుండ తాకరాదు. ఇబుప్రొఫెన్ గుండె ఆస్పిరిన్ పనిని అడ్డగించును కూడ. నొప్పికై పెద్ద మోతాదు ఆస్పిరిన్‌ను హోరు ఉన్నవారు మానుట మేలు. డైక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటివి చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసినవి. నిమెసులైడ్‌ను పన్నెండేండ్లలోపు పిల్లలకు ఇచ్చుటను మన దేశం 2011లోనే నిషేధించినది. అడుగగానే చేతికి వచ్చుచున్నది గనుక అది నిరపాయకరమని తలంపరాదు.

మన నేల, మన నీరు, మన నొప్పి

"గోలీలు మానండి" అని చెప్పుట సులభం. కాని మన ప్రాంతంలో నొప్పి కల్పన కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో బోరునీటి ఫ్లోరైడు తరతరాల ఎముకలలో పేరుకొన్నది. మన దేశంలో ఈ జబ్బును 1937లో పొదిలి ప్రాంతంలో మొదట గుర్తించినారు. తరువాత నల్గొండ పేరు దానితో విడదీయరానిదైపోయినది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించినప్పుడు దానికి పెట్టిన పేరు కూడ 'నల్గొండ పద్ధతి'యే. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా ఇండ్లకు నదీజలం వచ్చినది. కాని నీరు మారినంత త్వరగా ఎముక మారదు. మా అక్క వంటి వారి మెడ, నడుము, మోకాళ్లు ముందే బిగిసిపోయినవి.

ఇక్కడనే అందరూ తెలుసుకొనవలసిన ఒక ముఖ్య విషయం ఉన్నది. శరీరం నుండి ఫ్లోరైడును బయటకు పంపునవి ముఖ్యంగా మూత్రపిండాలు. అవి దెబ్బతినినచో ఫ్లోరైడు ఇంకను ఎక్కువగా నిలిచిపోవును. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రలు దీర్ఘకాలం వాడినచో దెబ్బ తీయునది ఆ మూత్రపిండాలనే. ఎండలో పని చేసి, నీళ్లు చాలక, ఖాళీ కడుపున గోలీ వేసుకొనువారికి ముప్పు మరింత ఎక్కువ. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను పాడుచేసి, వాటి జాతిని తుడిచిపెట్టు స్థితికి తెచ్చినందున 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించినారు. మనిషి రాబందు కాడు, నిజమే. కాని ఫ్లోరైడు నొప్పికి వేసిన గోలీ ఫ్లోరైడు పోవు దారినే మూసివేయుట ఎంతటి విషాదమో ఆలోచింపుడు.

పాలమూరు వైపు కథ మరొక తీరు. కోస్గి ప్రాంతం నుండి నలుబది ఏండ్ల మేస్త్రీ ఒకరు నా వద్దకు వచ్చినారు. ఇరువది ఏండ్లు బొంబాయి, పూనాలలో కట్టడాల పని. రాళ్లకు తూట్లు పొడుచు మిషను పట్టినవాడు. సాయంత్రం ఒళ్లు నొప్పులకు చాయ్‌తో రెండు గోలీలు, కొన్ని నాళ్లు మందుతో. "సారూ, మిషన్ బంద్ అయినా నా చెవుల మిషన్ నడుస్తనే ఉన్నది" అన్నాడు. ఇట్టివారి హోరుకు మొదటి కారణం గోలీ కాదు, పెద్ద శబ్దం. శబ్దానికి అలసిన చెవికి రోజువారీ గోలీ మరొక బరువు. మద్యంతో పారాసిటమాల్ కలిసినచో కాలేయానికి ప్రమాదం. అతనికి నేను మొదట చెప్పిన మందు కషాయం కాదు. పని వద్ద చెవులకు అడ్డు పెట్టుకొనుట.

ఆయుర్వేదం ఏమి చెప్పుచున్నది?

సుశ్రుతాచార్యుడు ఉత్తరతంత్రంలో ఇరువది ఎనిమిది కర్ణరోగాలను లెక్కించినాడు. చెవిలో భేరి, మృదంగం, శంఖం వంటి ధ్వనులు వినబడుటను కర్ణనాదమనీ, పిల్లనగ్రోవి వంటి సన్నని ధ్వని వినబడుటను కర్ణక్ష్వేడమనీ వేరుచేసి చెప్పినాడు. వాతదోషమే ఇందు ప్రధానం. కీళ్ల నొప్పికి కూడ వాతమే మూలమని మన శాస్త్రం. కనుక నొప్పిని, హోరును వేర్వేరుగా తరుముట కంటె వాతాన్ని శమింపజేయుట మన మార్గం.

చెవిలో తైలం నింపు కర్ణపూరణ చికిత్సను, బిల్వాది తైలాలను మన వైద్యులు వాడుదురు. కాని కర్ణభేరికి రంధ్రం గాని, చీము గాని ఉన్నచో తైలం హాని చేయును. చెవిని దీపంతో పరీక్షింపించుకొనకుండ ఇంట్లో కాచిన వెల్లుల్లి నూనె పోయుట తగదు. గులిమి గట్టిపడి హోరు వచ్చిన సందర్భాలు ఎన్నో చూచినాను. వానికి పరీక్షయే సగం చికిత్స.

నొప్పికి ఇంటి వైద్యం మన గుమ్మంలోనే ఉన్నది. ఒకప్పుడు నల్గొండ, పాలమూరు చెల్కలు ఆముదపు పంటకు పేరుగాంచినవి. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ఆముదపు వంగడాలపై పనిచేసినది. వాతహరములలో ఆముదపు వేరుకు చరకుడు అగ్రస్థానమిచ్చినాడు. గోరువెచ్చని ఆముదంతో మోకాళ్లను, నడుమును మెల్లగా మర్దించి, వాయిలాకును అనగా వావిలి ఆకును వేడిచేసి మూటగట్టి పదిహేను నిమిషాలు కాపడం పెట్టవలెను. ఇసుక మూట గాని, గళ్ల ఉప్పు మూట గాని అట్లే పనిచేయును. చర్మం కాలకుండ ముందు ముంజేతిపై పరీక్షింపవలెను. ఆముదాన్ని లోనికి తీసికొనుట మాత్రం వైద్యుని సలహాతోనే; గర్భిణులకు పనికిరాదు. అందుగు జిగురు, అనగా శల్లకి, మోకాలి నొప్పిని కొంత తగ్గించునని ఆధునిక పరీక్షలలో కూడ కనిపించినది. రక్తాన్ని పలుచబరచు మందులు వాడువారు దానిని కూడ డాక్టరుకు చెప్పియే వాడవలెను.

మన చింతపండు సంగతి ఆసక్తికరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు బడిపిల్లలకు కొన్ని రోజులు చింతపండు ఇచ్చి చూడగా, మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా వెలువడినదని 2002లో ప్రకటించినారు. అదే చింతపండుతో భోజనం చేసిన ఆరోగ్యవంతులలో ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ రక్తంలోకి ఎక్కువగా చేరినట్లు వేరే పరీక్షలు చూపినవి. పులుసుకు భయపడనక్కరలేదు. కాని 'గోలీ మందు కాదు, పులుసు మందు కాదు' అనుకొను మనకు ఇదొక పాఠం: నోటిలో పడినది ప్రతిదీ లెక్కకు వచ్చును.

మన వైపు తప్పులు

ఇంగ్లీషు మందును నిందించి మన మందును కాపాడుకొనుట న్యాయం కాదు. అక్క డబ్బాలోని గోధుమరంగు చూర్ణం సంతలో కొన్నది. పేరు లేదు, తయారీదారు లేడు. "తిన్న గంటల నొప్పి మాయం" అన్నది అక్క. వేరు మందు గంటలో అద్భుతం చేసినదంటే అనుమానింపవలెను. ఇట్టి చూర్ణాలలో డైక్లోఫెనాక్, స్టెరాయిడ్లు రహస్యంగా కలిపి అమ్ముట ఎన్నోసార్లు పట్టుబడినది. చీటీ లేని పొట్లం ఆయుర్వేదం కాదు.

బామ్ సీసా కూడ అంతే. వింటర్‌గ్రీన్ వాసన గల బామ్‌లలో ఉండునది మిథైల్ సాలిసిలేట్, ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. శుద్ధమైన వింటర్‌గ్రీన్ నూనె ఒక్క చెంచా లోనికి పోయినచో ఇరువదికి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానం. పిల్లలకు అందనీయరాదు. నొప్పి ఉన్నచోట కొంచెం రాయుట వేరు. ఒళ్లంతా రోజుకు నాలుగుసార్లు రాసి, దుప్పటి కప్పి, కాపడం పెట్టుట వేరు. చర్మం ద్వారా అది రక్తంలో చేరును.

ఇంట పాటింపవలసినవి

1. గోడకు వేలాడు క్యాలెండరులోనే గోలీ లెక్క రాయుడు. వేసుకొన్న నాడు మందు పేరు, మి.గ్రా., ఎన్ని అనునవి. చెవి హోరు ఎక్కువైనదా, తక్కువైనదా అనునది.

2. పట్టీ మీద పెద్ద అక్షరాల కంపెనీ పేరు కాదు, క్రింద చిన్న అక్షరాల మందు పేరు చదువుడు. చదువ రానివారికి ఇంటి పిల్లలచే చదివింపుడు. జలుబు మాత్రలో కూడ పారాసిటమాల్ ఉండవచ్చును. ఒకే జాతివి రెండు కలుపరాదు.

3. వారంలో రెండు రోజులకు మించి నొప్పి మాత్ర అవసరమగుచున్నచో, అది మాత్రతో తీరు నొప్పి కాదు. డాక్టరుకు చూపవలెను.

4. కొత్త మాత్ర మొదలుపెట్టిన తరువాత హోరు పుట్టినచో గాని, పెరిగినచో గాని, రాసిన డాక్టరుకు వెంటనే తెలుపుడు. గుండె, రక్తపోటు, మూర్ఛ, క్షయ మందులను స్వయంగా ఆపరాదు.

5. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి నొప్పి మాత్రలను ఖాళీ కడుపున, నీరు చాలని స్థితిలో వేసుకొనరాదు.

6. రాత్రి పూర్తి నిశ్శబ్దంలో హోరు పెద్దదిగా తోచును. ఫ్యాను చప్పుడు గాని, మెల్లని రేడియో గాని తోడుంచుకొనుడు. పడుకొను ముందు పది నిమిషాలు భ్రామరి ప్రాణాయామం మనస్సుకు శాంతినిచ్చును.

హోరు ఒక్క చెవిలోనే ఉన్నచో, గుండె కొట్టుకొన్నట్లు లయగా వినబడుచున్నచో, తల తిరుగుటతో గాని, చీముతో గాని, ముఖం వంకర పోవుటతో గాని కూడి ఉన్నచో ఆలస్యం చేయరాదు. ఒక్కసారిగా వినికిడి పోయినచో అదే రోజు చెవి డాక్టరు వద్దకు వెళ్లవలెను. అది రోజులు లెక్కించు జబ్బు, కషాయంతో వేచియుండరాదు.

చివరకు

ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత అక్కకు గుండె మాత్ర యథావిధిగా కొనసాగినది. మిగిలినవాటిని డాక్టరు గారు, నేను కూర్చుండి ఒక్కొక్కటిగా తగ్గించినాము. మూత్రపిండాల పరీక్ష చేయించినాము. దైవికంగా పెద్ద నష్టం లేదు. చెవి పరీక్షలో వయస్సు వలన వచ్చిన వినికిడి లోపం కొంత బయటపడినది. ఆముదం, వాయిలాకు కాపడం, మెల్లని వ్యాయామం, అవసరమైన నాడు ఒక్క పారాసిటమాల్ – ఇంతటితో ఆమె రోజులు గడచుచున్నవి. హోరు ఆరు వారాలలో తగ్గినది, పూర్తిగా పోలేదు. అందులో గోలీల పాలు ఎంత, వయస్సు పాలు ఎంత అని నేను విడదీసి చెప్పలేను. కాని ఆమె ఇప్పుడు దీపం ఆర్పి నిద్రపోవుచున్నది.

మొన్న దసరాకు వెళ్లినప్పుడు ఆమె గోడ మీది క్యాలెండరును చూపినది. ఆ నెలలో గోలీ గుర్తులు మూడే ఉన్నవి. "తమ్మీ, ఇప్పుడు ఇవి కూడ మందులే అని నాకు ఎర్కయింది" అన్నది. తరువాత నవ్వి, "కని ఈసారి బంద్ చెయ్యమంటె మాత్రం ముందుగాల డాక్టర్‌ను అడిగినంకనే ఇంట" అన్నది.

ఆమె మాటలోని రెండవ భాగం నాకు తగిన శాస్తి. మొదటి భాగం మీ అందరికీ నా మనవి. ఈ రాత్రి మీ ఇంటి డబ్బాను కూడ ఒకసారి బోర్లించి లెక్కపెట్టుడు.